ఫ్లూ టీకా ఎన్నాళ్ళు కాపాడుతుందో రక్తం చూసి చెప్పగలమా? రిపోర్టులు, వార్తలు ఎలా చదవాలంటే

మా మావయ్యది కవిటి దగ్గర ఊరు, కొబ్బరీ జీడీ తోటలు. ఉద్దానంలో చాలామందికి వచ్చినట్టే ఆయనకీ కిడ్నీ జబ్బు వచ్చింది, ఇప్పుడు సోంపేటలో డయాలసిస్. నేను శ్రీకాకుళంలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని కాబట్టి ఇంట్లో ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా ముందు నా ఫోన్‌కే వస్తుంది. కిందటేడు ఆయన ఫ్లూ టీకా వేయించుకుని, పది రోజులు తిరక్కుండానే టౌన్‌లో ఒక ల్యాబ్‌కి వెళ్ళి "ఇమ్యూనిటీ ప్యాకేజీ" అని రెండు వేల పైచిలుకు పోసి ఒక రిపోర్టు తెచ్చుకుని నాకు ఫొటో పంపాడు. "అల్లుడా, నార్మల్ అని వచ్చింది, అంటే టీకా పట్టినట్టేనేటి? ఏడాది దాకా బెంగ లేదుగదా?"

ఆ రిపోర్టులో ఉన్నది టోటల్ ఐజీజీ. అంటే ఒంట్లో ఉన్న ఆ రకం యాంటీబాడీలన్నీ కలిపి మొత్తం ఎంత అని. అందులో చిన్నప్పుడు వచ్చిన తట్టుదీ ఉంటుంది, మొన్న వచ్చిన జలుబుదీ ఉంటుంది, ఫ్లూది ఎంతో దాన్నిబట్టి ఎవరూ చెప్పలేరు. సంతలో మొత్తం జనం ఎంతో లెక్కపెట్టి, అందులో మా ఊరోళ్ళు ఇంతమంది అని చెప్పినట్టు. డబ్బులు పోయాయి, పైగా డయాలసిస్ మనిషి, అసలే రక్తం తక్కువ, అందులోంచి ఇంకో రెండు ట్యూబులు లాగారు. నాకు అది ఎక్కువ బాధ.

అయితే ఆయన అడిగిన ప్రశ్న మాత్రం చిన్నది కాదు. టీకా వేసిన మొదటి వారం పది రోజుల్లో రక్తంలో కనిపించే గుర్తుల్ని బట్టి ఈ మనిషికి రక్షణ ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పొచ్చా అని పెద్ద పెద్ద యూనివర్సిటీలవాళ్ళు పదిహేనేళ్ళ పైనుంచి వెతుకుతున్నారు. అప్పుడప్పుడు వార్త వస్తుంది, వాట్సాప్‌లో తిరుగుతుంది, దాని వెనకే ఎవరో ఒకరు ప్యాకేజీ పెడతారు. అలాంటి వార్తగానీ రిపోర్టుగానీ చేతికొస్తే నేను ఏ వరసలో చూస్తానో అది రాస్తున్నా.

ముందు చూడాల్సింది: ఏ రోజు రక్తం తీశారు?

నా లెక్కన సగం తికమక ఇక్కడే విడిపోతుంది. టీకా వేశాక ఒంట్లో జరిగే పని అంతా ఒకేసారి జరగదు. మొదటి రెండు మూడు రోజులు చేతి నొప్పి, కొంచెం ఒళ్ళు వెచ్చబడటం, అదంతా మొదటి వరస కాపలా కణాల హడావిడి. టీకా మందు చంకలో ఉండే లింఫు గ్రంథులకి చేరుతుంది (ఒక్కోసారి చంకలో బిళ్ళ కట్టింది అంటాం చూడండి, అక్కడికే). అక్కడ బీ కణాలు, వాటికి సాయం చేసే టీ కణాలు కలిసి తయారీ మొదలుపెడతాయి. సుమారు ఏడో రోజుకి ప్లాస్మాబ్లాస్ట్‌లు అనే కణాలు రక్తంలోకి ఒక్కసారిగా గుంపుగా వస్తాయి, కొద్దిరోజుల్లోనే మళ్ళీ కనబడవు. ఇవి యాంటీబాడీలని కుమ్మరించే కణాలు. యాంటీబాడీ మాత్రం రెండు వారాలకి తగినంత వచ్చి, మూడు నాలుగు వారాలకి గరిష్ఠానికి చేరుతుంది. ఆ తర్వాత దిగటమే.

అందుకని మూడో రోజు రక్తం ఒక మాట చెబుతుంది, ఏడో రోజు ఇంకోటి, ఇరవై ఎనిమిదో రోజు ఇంకోటి. మా మావయ్య పదో రోజున చేయించాడు. ప్లాస్మాబ్లాస్ట్‌ల గుంపు దాటిపోయింది, యాంటీబాడీ గరిష్ఠానికి చేరలేదు. సరైన పరీక్షే చేయించి ఉన్నా ఆ రోజు దేనికీ పనికిరాదు.

తర్వాత: కొలిచింది ఎత్తునా, నిలకడనా?

ఇది కాస్త ఓపిగ్గా చదవండి, అసలు విషయం ఇదే.

ఫ్లూ టీకా పనిచేసిందా అని చూడటానికి ప్రపంచమంతా వాడే పాత పరీక్ష హెచ్ఏఐ, పూర్తి పేరు హీమాగ్లూటినేషన్ ఇన్హిబిషన్. జార్జ్ హర్స్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1940ల మొదట్లో కనిపెట్టిన పద్ధతి, ఇప్పటికీ అదే. ఫ్లూ వైరస్‌కి ఎర్ర రక్తకణాలని అతుక్కునే గుణం ఉంది. గుంటల పళ్ళెంలో కోడిదో, టర్కీ కోడిదో, గినీపందిదో రక్తకణాలు వేసి వైరస్ కలిపితే అవన్నీ వలలాగా అల్లుకుని గుంటంతా పరుచుకుంటాయి. మనిషి సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) యాంటీబాడీ ఉంటే అది వైరస్‌ని పట్టేస్తుంది, అప్పుడు రక్తకణాలు అల్లుకోలేక గుంట అడుగున ఎర్రటి గుండీలాగా చేరతాయి. సీరాన్ని పదింతలు, ఇరవై, నలభై, ఎనభై ఇంతలు పలచన చేసుకుంటూ పోయి, ఎంత పలచన చేసినా ఇంకా గుండీ కడుతుందో ఆ చివరి అంకె టైటర్. టైటర్ 40 అంటే నలభై ఇంతలు పలచన చేసినా ఇంకా పట్టు ఉందని.

ఆ 40 అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందంటే, 1972లో వచ్చిన ఒక అధ్యయనంలో వాలంటీర్లకి ముక్కులో వైరస్ వేసి ఎవరికి అంటుకుంది, ఎవరికి అంటుకోలేదు అని చూశారు. 40 దగ్గర ఉన్నవాళ్ళకి ముప్పు సుమారు సగం తగ్గుతుందని అప్పటినుంచి అంతా వాడుతున్నారు. సగం! నూటికి నూరు కాదు. 40 వచ్చింది కాబట్టి ఫ్లూ రాదు అని ఎవరైనా చెబితే వాళ్ళకి ఆ అంకె ఏంటో తెలీదని లెక్క. పైగా అది పెద్దవాళ్ళ అంకె. 2011లో చిన్నపిల్లల మీద చేసిన లెక్కలో అదే సగం రక్షణకి 110 దాకా కావాల్సి వచ్చింది. ఇంకోటి, వైరస్ ఒంటి మీద ముళ్ళలాగా ఉండే రెండు రకాల ప్రొటీన్లలో హెచ్ఏఐ చూసేది హెచ్ ముల్లునే. ఎన్ ముల్లు మీద, అంటే న్యూరామినిడేజ్ మీద వచ్చే యాంటీబాడీ కూడా విడిగా కాపాడుతుందని తేలింది, కానీ ఈ పరీక్షలో అది కనబడదు.

ఇప్పుడు ఎత్తు, నిలకడ సంగతి. 28వ రోజు టైటర్ 160 వచ్చిందనుకోండి, అది ఎత్తు. ఆరునెలలకి ఎంత ఉంటుంది అనేది నిలకడ. రక్తంలో తిరిగే ఐజీజీ యాంటీబాడీ సగం కరిగిపోవటానికి సుమారు మూడు వారాలు చాలు. కాబట్టి ఆరో నెలలో కూడా యాంటీబాడీ కనబడుతోందంటే ఎక్కడో తయారుచేసే కణాలు ఇంకా బతికి ఉండాలి. అవి ఉండేది ఎముకల మూలుగలో. రక్తంలో ఏడో రోజు కనబడ్డ గుంపులోంచి అతి కొద్ది కణాలే మూలుగదాకా చేరి అక్కడ కాపురం పెడతాయి, మిగతావన్నీ చచ్చిపోతాయి. మా మావయ్యకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఏడో రోజు గుంపు జీడి పూత. పూత తెల్లగా విరగబూసినంత మాత్రాన పిక్కలు బస్తాలకి ఎక్కవు, మంచు పట్టొచ్చు, తేనెమంచు పురుగు రావొచ్చు, లేదా 2018లో తిత్లీ తుపాను వచ్చినట్టు రావొచ్చు.

2020లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఏం చేశారంటే, టీకా వేసినవాళ్ళ మూలుగనే తీసి చూశారు. నాలుగు వారాలకి ఫ్లూ మీద పనిచేసే ప్లాస్మా కణాలు అక్కడ పెరిగాయి. ఏడాది తిరిగేసరికి కొత్తగా చేరినవాటిలో చాలావరకు లేవు, దాదాపు టీకాకి ముందున్న చోటికే వచ్చేశాయి. ఏటా టీకా ఎందుకు అంటే వైరస్ మారిపోతుంది కాబట్టి అని మాత్రమే మనం చెప్పుకుంటాం, కానీ వైరస్ మారకపోయినా మన దగ్గర సరుకు అయిపోతుంది. అదే 1918 ఫ్లూ చిన్నప్పుడు చూసి బతికిన ముసలివాళ్ళని తొంభై ఏళ్ళ తర్వాత, 2008లో పరీక్షిస్తే ఆ వైరస్ మీద యాంటీబాడీ, దాన్ని గుర్తుపట్టే బీ కణాలు ఇంకా ఉన్నాయి. జబ్బు చేసి వచ్చిన జ్ఞాపకం వేరు, చేతికి సూదితో వచ్చింది వేరు. అలాగని జబ్బే తెచ్చుకుందామనకండి, 1918లో బతకనివాళ్ళని ఎవరూ పరీక్ష చేయలేదు కదా.

అందుకే వార్తలో "ముందే చెప్పేశారు" అని కనబడగానే దేన్ని ముందే చెప్పారో వెతకండి. 2011లో అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీవాళ్ళు చేసింది బాగా పేరున్న పని. మూడో రోజున కామ్‌కె4 అనే జన్యువు చురుగ్గా ఉన్నవాళ్ళలో తర్వాత యాంటీబాడీ తక్కువ వచ్చింది, ఏడో రోజు టీఎన్ఎఫ్ఆర్ఎస్ఎఫ్17 అనే జన్యువు చురుకు చూసి ఎవరికి యాంటీబాడీ ఎక్కువ వస్తుందో అంచనా వేయగలిగారు. 2013లో ఇంకో బృందం ఏడో రోజున రక్తంలో తిరిగే ఒక రకం సహాయక టీ కణాలు పెరిగితే యాంటీబాడీ బాగా పెరుగుతుందని చూపించింది. మంచి పనులే, కానీ ఇవి చెప్పింది 28వ రోజు ఎత్తుని. వచ్చే ఏడు మీ సంగతి ఏంటో ఇవి చెప్పలేదు.

ప్లేట్‌లెట్ల కథ, దాన్ని ఎలా అర్థం చేసుకోకూడదో

నిలకడ మీద నేరుగా గురిపెట్టింది 2025 జనవరిలో నేచర్ ఇమ్యునాలజీలో వచ్చిన పని. స్టాన్‌ఫర్డ్‌లో బాలి పులేంద్రన్ బృందం. 50 మంది ఆరోగ్యవంతులకి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ టీకా రెండు డోసులు ఇచ్చారు, కొందరికి అడ్జువెంట్ కలిపి, కొందరికి కలపకుండా. (అడ్జువెంట్ అంటే టీకా ఇంకా బాగా పనిచేయటానికి తోడుగా కలిపే పదార్థం.) మొదటి వంద రోజుల్లో ఒక్కొక్కరికీ డజను సార్లు రక్తం తీసి, జన్యువులు, ప్రొటీన్లు, యాంటీబాడీలు అన్నీ కొలిచి, కంప్యూటర్‌కి ఇచ్చి ఏది నిలకడతో కలిసి నడుస్తోందో వెతికించారు. దొరికింది ఎవరూ అనుకోనిది. ప్లేట్‌లెట్లలో (రక్తం గడ్డకట్టించే చిన్న కణాలు) ఉండే చిన్న చిన్న ఆర్ఎన్ఏ ముక్కలు, అంటే జన్యువులు పంపే సందేశాల నకళ్ళు. ప్లేట్‌లెట్లు పుట్టేది మూలుగలో మెగాకేరియోసైట్లు అనే పెద్ద కణాలనుంచి, అవి విడిపోయేటప్పుడు తల్లికణం ఆర్ఎన్ఏ కొంచెం పట్టుకొస్తాయి. అంటే రక్తంలో ప్లేట్‌లెట్ ఆర్ఎన్ఏ చూస్తే మూలుగలో మెగాకేరియోసైట్లు ఎంత చురుగ్గా ఉన్నాయో తెలుస్తుంది. ఎలుకల్లో ఆ కణాలని రెచ్చగొట్టే మందు ఇస్తే టీకా యాంటీబాడీ ఎక్కువకాలం ఎక్కువగా ఉంది. ఎందుకంటే ఆ పెద్ద కణాలు ప్లాస్మా కణాలు బతకటానికి కావాల్సిన పదార్థాలు ఇస్తాయి, కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళకి పక్కింటివాళ్ళు బియ్యం పప్పు అందించినట్టు. తర్వాత మామూలు ఫ్లూ, ఎల్లో ఫీవర్, మలేరియా, కోవిడ్ లాంటి ఏడు టీకాలు వేయించుకున్న 244 మంది సమాచారంలో చూసినా ఇదే గుర్తు నిలకడతో కలిసింది.

నేను ఇది చెప్పగానే మావయ్య అన్నాడు, "ప్లేట్‌లెట్లేగదా, డెంగీకి తాగినట్టు బొప్పాయి ఆకు రసం తాగేస్తాను". అందుకే ఈ శీర్షిక పెట్టాను. మనం సీబీపీలో, అంటే రక్తకణాలు లెక్కపెట్టే మామూలు పరీక్షలో, చూసే ప్లేట్‌లెట్ కౌంట్ ఇది కాదు. లక్షన్నర ఉందా మూడు లక్షలు ఉందా అనేదానికి టీకా నిలకడకి సంబంధం ఉందని ఆ పరిశోధన చెప్పలేదు. అది చూసింది ప్లేట్‌లెట్ల లోపలి ఆర్ఎన్ఏ, టీకా వేసిన కొద్ది రోజుల్లో అది ఎలా మారిందో. మా ల్యాబ్‌లోని మిషన్ అది చూడదు, జిల్లాలో మామూలుగా వాడే ఏ మిషనూ చూడదు. బొప్పాయి రసం సంగతి ఆయన నెఫ్రాలజిస్ట్‌ని అడగమన్నాను, కిడ్నీ పేషెంటు ఆకు రసాలు సొంతంగా తాగితే పొటాషియంతో కొత్త గొడవ.

ఎవరి మీద చేశారు, మీరు వాళ్ళలాంటివాళ్ళేనా

ఇది ఒక్క నిమిషం పని కానీ చాలామంది చూడరు. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో టీకాకి ముందే రక్తంలో తొమ్మిది జన్యువుల తీరు చూసి 35 ఏళ్ళ లోపువాళ్ళలో ఎవరికి బాగా పట్టుతుందో చెప్పగలిగారు. అదే గుర్తు 60 దాటినవాళ్ళలో చూస్తే అడ్డం తిరిగింది. కుర్రాళ్ళ గుర్తు ముసలివాళ్ళకి పనికిరాలేదు. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి మామూలుగానే టీకాల స్పందన తక్కువ, వాళ్ళని ఇలాంటి అధ్యయనాల్లో ఎక్కువగా తీసుకోరు. వార్తలో "ఆరోగ్యవంతులైన వాలంటీర్లు" అని ఉంటే ఆ ఫలితం మా మావయ్యకి నేరుగా వర్తించదు.

ఇంకో మెలిక, ఏటా వేయించుకునేవాళ్ళకి టైటర్ ముందే కొంత ఉంటుంది కాబట్టి టీకా తర్వాత నాలుగింతలు పెరగకపోవచ్చు. రిపోర్టులో "సెరోకన్వర్షన్ లేదు" అని రాస్తారు. అంటే టీకా వృథా అయిందని కాదు, 20 నుంచి 80కి వెళ్ళినవాడు పాస్, 80 నుంచి 160కి వెళ్ళినవాడు ఫెయిల్ అని రాసే లెక్క అది. ముందు అంకె లేకుండా తర్వాత అంకె ఒక్కటే చూడకండి.

సరే, ఇప్పుడు మనం చేయగలిగింది

మొదటివారం గుర్తు చూసి "నీకు పది నెలలు, నీకు నాలుగు నెలలు" అని చెప్పే పరీక్ష ఇప్పుడు మామూలు వైద్యంలో లేదు. ఎవరైనా అమ్మితే కొనకండి. మన చేతిలో ఉన్నది తేదీ. నిలకడ తక్కువని తెలిశాక, ఆ కాస్త కాలాన్ని ఫ్లూ ఎక్కువగా తిరిగే నెలల మీద పడేలా వేసుకోవటం.

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా సెప్టెంబరు, అక్టోబరులో వేయించుకోమని ఉంటుంది. అది అమెరికావాళ్ళ చలికాలానికి. మన దేశంలో ఫ్లూ వానల్లో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఒకసారి లేస్తుంది, చాలా చోట్ల వానకాలం దెబ్బే పెద్దది. మన దగ్గర జూన్‌లో మొదలైన వాన అక్టోబరులో తుపాన్లదాకా సాగుతుంది, ఆపైన దసరా, విజయనగరంలో సిరిమాను సంబరం, బస్సుల్లో రైళ్ళలో కాలు పెట్టే చోటుండదు. కిందటి నవంబరులో వేసుకున్న టీకా ఆగస్టుకి తొమ్మిది నెలల పాతది. అదే మే ఆఖరునో జూన్ మొదట్లోనో వేసుకుంటే రెండు వారాల్లో యాంటీబాడీ వస్తుంది, వానలన్నీ మొదటి నాలుగైదు నెలల్లోనే గడిచిపోతాయి. జూన్ దాటిపోతే ఇంక అనవసరం అని కూర్చోకండి, ఆలస్యంగా వేసుకున్నా వేసుకోనిదానికంటే నయం.

డబ్బా మీద ఏ ఏడాదిదో, సదరన్ హెమిస్ఫియరా నార్తర్న్ హెమిస్ఫియరా అని ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, ఏ రకాలు పెట్టాలో చెబుతుంది. మే నెలలో మన షాపులో సాధారణంగా దొరికే కొత్త సరుకు సదరన్‌ది. కిందటేటి నార్తర్న్ మిగిలిపోయిన డబ్బా అంటగడుతున్నారేమో ఎక్స్‌పైరీతో సహా చూడండి. నాలుగు రకాలది కావాలా మూడు రకాలది కావాలా అని అడుగుతారు. ఆ నాలుగో రకం, బి యమగాటా, 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా ఖాయంగా కనబడలేదు, కాబట్టి మూడు రకాలది ఇస్తే తక్కువైందని గొడవపడక్కర్లేదు.

ఫ్రిజ్ సంగతి మాత్రం గట్టిగా అడగండి, మొహమాటం వద్దు. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పారేయాలి. కరెంటు ఎన్ని గంటలు పోయిందో, ఇన్వర్టర్ ఉందో లేదో అడగటంలో తప్పేం లేదు. మావయ్య అయితే శ్రీకాకుళంలో కొని థర్మాస్‌లో ఐసు ముక్కలు వేసి బస్సులో కవిటి తీసుకెళ్దామనుకున్నాడు. ఐసు నేరుగా తగిలితే గడ్డకడుతుంది, ఐసు కరిగితే వేడెక్కుతుంది, రెండువిధాలా నష్టమే. ఎక్కడ కొంటే అక్కడే వేయించుకోవటం మేలు.

డయాలసిస్‌వాళ్ళు ఫిస్ట్యులా (డయాలసిస్ సూదులు వేయటానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి సూది వేయించుకోకూడదు, నర్సుకి ముందే చెప్పాలి. వాళ్ళకి సూదిమందు టీకానే, ముక్కులో కొట్టే బతికున్న వైరస్ రకం కాదు. కొన్ని దేశాల్లో 65 దాటినవాళ్ళకి ఒక్కో రకం 15 మైక్రోగ్రాములకి బదులు 60 ఉండే హై డోసు ఇస్తారు, మీవాళ్ళ విషయంలో అలాంటిది కుదురుతుందా అని డాక్టర్ని అడగొచ్చు. ఆరు నెలలు దాటి తొమ్మిదేళ్ళలోపు పిల్లలకి మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, అది మర్చిపోయి ఒక్కదానితో ఆపేసేవాళ్ళు చాలామంది. కిడ్నీ మనిషికి టీకా సరిగ్గా పట్టకపోవచ్చు కాబట్టి ఇంట్లో మిగతావాళ్ళు వేయించుకుంటే ఆయన దగ్గరికి జబ్బు వచ్చే దారి తగ్గుతుంది. ఇమ్యూనిటీ ప్యాకేజీకి పోసిన రెండు వేలతో అత్తకి టీకా వేయించి ఉండొచ్చు అన్నాను, మావయ్య కాసేపు మాట్లాడలేదు.

ఈ జూన్ మొదటివారంలో ఇద్దరికీ వేయించాం. ఆయనకి ఎడమ చేతిలో ఫిస్ట్యులా, కుడి చేతికి వేశారు. డయాలసిస్ పుస్తకం వెనక అట్ట మీద తేదీ, డబ్బా మీది బ్యాచ్ నంబరు, సదరన్ అని రాసిపెట్టాను. పది రోజులకి ఫోన్ చేసి "మరి రక్తం ఏటీ చూడక్కర్లేదేటి?" అన్నాడు. అక్కర్లేదన్నాను. దగ్గూ జ్వరం వస్తే టీకా వేయించుకున్నాం కదా అని ఇంట్లో పడుకోకుండా మొదటి రెండు రోజుల్లోనే డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నాను, ఫ్లూ మందు తొందరగా మొదలుపెడితేనే ఎక్కువ పనిచేస్తుంది, కిడ్నీని బట్టి దాని డోసు కూడా మార్చాలి.